విజయనగరంలో వేసవి క్రికెట్ శిబిరం: ఒక తండ్రి అభిప్రాయం

ఈ వేసవిలో మా అబ్బాయిని విజయనగరంలోని ఒక క్రికెట్ శిక్షణ శిబిరంలో నెల రోజులపాటు చేర్పించాము. నెట్లు, బంతులు, తాగునీటి ఏర్పాటు బాగానే ఉన్నాయి. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అక్కడ ఆటతోపాటు నేర్పుతున్న నడవడిక.

ఒకనాటి ఉదయం మ్యాచ్‌లో బంతి బ్యాట్ అంచుకు తాకీ తాకనట్టు తాకి కీపర్ చేతిలో పడింది. అంపైర్ వేలెత్తకపోయినా, పన్నెండేళ్ల బ్యాటర్ ఒక్క క్షణం బ్యాట్ వైపు చూసుకుని, దానిని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. వెంటనే కోచ్ గారు ఆట ఆపి, 1980లో బొంబాయి జూబిలీ టెస్టులో అంపైర్ పొరపాటుగా ఔటిచ్చిన ఇంగ్లండ్ బ్యాటర్ బాబ్ టేలర్‌ను మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచిన సంగతిని, ఆ టేలర్ సహచరుడు బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించగా భారత్ ఓడిన సంగతిని పిల్లలకు దాచకుండా చెప్పారు. 1936 ఇంగ్లండ్ పర్యటనలో మన విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ సారథ్యంలో జట్టు ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపిన చేదు జ్ఞాపకమున్న ఊరిలో ఈ పాఠం వినడం నాకెంతో తృప్తినిచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఏకీభవించను. బంతి వేయకముందే క్రీజు దాటిన నాన్‌స్ట్రైకర్‌ను (బౌలర్ వైపు నిలబడే బ్యాటర్‌ను) రనౌట్ చేసిన బాలుడిని కోచ్ గారు మందలించారు. 2022లో క్రికెట్ నియమావళి దీనిని అనుచితమైన ఆట విభాగం నుంచి తొలగించి రనౌట్ నియమంలో చేర్చింది కనుక, ముందుగా కదిలిన పిల్లవాడికే చెప్పవలసింది. చివరి రోజు తల్లిదండ్రులు అంపైర్‌పై అరుస్తుంటే నిర్వాహకులు వారించకపోవడం కూడా బాధ కలిగించింది. అయినా వచ్చే ఏడు మా వాడిని మళ్లీ అక్కడికే పంపుతాను.