హోరెత్తే ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కి పీటీఎం7950 షీటు: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరవగానే ఫ్యాన్ గయ్యిమని లేస్తుంది. పది సెకన్లలో తగ్గుతుంది. ఇంకో పేజీ తెరిస్తే మళ్లీ లేస్తుంది. రెండు మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లో ఇలా జరుగుతుంటే చాలామంది ఫ్యాన్ పోయిందనుకుని కొత్తది తెప్పిస్తారు. ఎక్కువసార్లు తప్పు ఫ్యాన్‌ది కాదు, ప్రాసెసర్ చిప్పుకీ దాని మీద కూర్చున్న రాగి పలకకీ మధ్య పూసిన పేస్ట్‌ది. ఆ పేస్ట్ బదులు వేసే హనీవెల్ పీటీఎం7950 షీటు గురించే ఈ సమీక్ష. సరుకు మంచిది, అందులో అనుమానం లేదు. కాకపోతే ఫ్యాన్ హోరుకు నాలుగైదు కారణాలుంటే ఇది వాటిలో ఒక్కదానికే మందు. ఆ ఒక్కటే మీ కారణమో కాదో చూసుకోకుండా కొంటే డబ్బు దండగ.

చూడటానికి ఇది పలచటి బూడిదరంగు షీటు, మందం పావు మిల్లీమీటరు. రెండు వైపులా ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. మామూలు వేడిలో గట్టిగా, మైనంలా ఉంటుంది. 45 డిగ్రీలు దాటితే మెత్తబడి, చిప్పు మీదా రాగి మీదా కంటికి కనపడని గుంటల్లోకి దిగుతుంది. ఎక్కువైంది అంచుల్లోంచి బయటికి వచ్చేసి, మధ్యలో చాలా సన్నని పొర మిగులుతుంది. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. లెనోవో లీజియన్ మోడళ్లు కొన్నింటికి ఫ్యాక్టరీలోనే ఇది వేసి పంపారు. దీని అన్నదమ్ముల్లాంటి పీటీఎం7958ని ఫ్రేమ్‌వర్క్ 16 ల్యాప్‌టాప్‌లో లిక్విడ్ మెటల్ (పేస్ట్ బదులు వాడే ద్రవ లోహం) తీసేసి వేశారు.

అంకెలు చూసి కొనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. దీని ఉష్ణవాహకత, అంటే వేడిని దాటించే శక్తి, 8.5 అని ఉంటుంది, థర్మల్ గ్రిజ్లీ క్రయోనాట్ పేస్ట్ ట్యూబు మీద 12.5 అని ఉంటుంది. అయితే క్రయోనాటే మేలు కదా? పూసిన రోజు కావచ్చు. ల్యాప్‌టాప్ చిప్పుకి డెస్క్‌టాప్ చిప్పులా పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా రాగికి తగులుతుంది. వేడెక్కినప్పుడు రాగి ఎక్కువ సాగుతుంది, సిలికాన్ తక్కువ సాగుతుంది. రోజుకు వందసార్లు 50 నుంచి 90 డిగ్రీలకు ఎక్కి దిగుతుంటే ఆ కదలిక పేస్ట్‌ని కొంచెం కొంచెంగా అంచులకు తోసేస్తుంది. పాత హీట్‌సింక్‌ని, అంటే ఆ రాగి పలకా దాని గొట్టాలూ ఉన్న అమరికని, ఎత్తి చూస్తే తెలిసిపోతుంది: చిప్పు చుట్టూ గోడ కట్టినట్టు పేస్ట్ పేరుకుని ఉంటుంది, నడుమ మాత్రం అద్దంలా మెరిసే సిలికాన్ బయటపడి ఉంటుంది. వేడి పుట్టేది ఆ నడుమనే. పలచటి పేస్ట్ ఎంత ఖరీదైనదైనా ఇలాంటి చిప్పు మీద కొన్ని నెలల్లోనే ఈ స్థితికి రావచ్చు. పీటీఎం7950 కరిగినా చిక్కగానే ఉంటుంది కాబట్టి అలా జారిపోదు. దీనికి పెట్టే డబ్బు మొదటి రోజు రెండు డిగ్రీల కోసం కాదు, రెండేళ్ల తర్వాత కూడా అలాగే పనిచేయడం కోసం.

ఇక మీ ల్యాప్‌టాప్‌కి కావాల్సింది ఇదేనా అన్నది తేల్చుకోవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని మూడు అంకెలు చూడండి: సీపీయూ ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ లాగే వాట్లు), ప్యాకేజ్ టెంపరేచర్ (దాని వేడి), ఫ్యాన్ వేగం. కొన్ని మోడళ్లు ఫ్యాన్ వేగం చూపించవు, అప్పుడు చెవినే నమ్ముకోవాలి. ముందు ఏ పనీ చేయకుండా ఐదు నిమిషాలు వదిలేయండి. పవర్ ఐదారు వాట్ల లోపు ఉండాల్సిన మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో 15, 20 వాట్లు కనిపిస్తే వెనకాల ఏదో ప్రోగ్రామ్ నడుస్తోంది. యాంటీవైరస్ స్కాన్, క్లౌడ్ సింక్, మూసినా పోని బ్రౌజర్, ఏదైనా కావచ్చు. టాస్క్ మేనేజర్‌లో దాన్ని పట్టుకోండి. స్క్రూడ్రైవర్‌తో పని లేదు.

పవర్ మామూలుగానే ఉంటే, చల్లారిన ల్యాప్‌టాప్ మీద సినీబెంచ్ లాంటి బరువైన పరీక్ష మొదలుపెట్టి మొదటి ఐదు సెకన్లు కళ్లప్పగించి చూడండి. ఒకటి రెండు సెకన్లలోనే 95 డిగ్రీలు దాటితే వేడి చిప్పులోంచి రాగికి ఎక్కడం లేదని అర్థం. రాగి గొట్టాలు, వాటి చివర వేడిని గాలికి వదిలే లోహపు రెక్కలు ఇంకా చల్లగానే ఉన్నాయి, అయినా చిప్పు కాలిపోతోంది. బయటికి వచ్చే గాలి కూడా గోరువెచ్చగానే ఉంటుంది. ఒక కోర్‌కీ (ప్రాసెసర్‌లో పనిచేసే ఒక్కో భాగం) ఇంకో కోర్‌కీ 15 డిగ్రీలకు పైగా తేడా ఉంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. పీటీఎం7950 సరిగ్గా ఈ కేసుకే. అలా కాకుండా వేడి మెల్లగా పెరుగుతూ ఐదు పది నిమిషాలకు పైకి చేరి, వెంట్‌లోంచి గాలి వేడిగానే ఉన్నా బలహీనంగా వస్తుంటే పేస్ట్ బాగానే ఉంది, రెక్కలు దుమ్ముతో మూసుకుపోయాయి.

షీటు కొనకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, వీటికి పైసా ఖర్చు లేదు. చాలా హెచ్‌పీ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగ్స్‌లో) ‘ఫ్యాన్ ఆల్వేస్ ఆన్’ అనే ఆప్షన్ ఉంటుంది. చార్జర్ పెడితే చాలు, పని ఉన్నా లేకున్నా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేయండి. చాలా లెనోవోల్లో ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కితే నిశ్శబ్ద మోడ్ వస్తుంది. డెల్ వాళ్ల పవర్ యాప్‌లో ‘క్వైట్’, ఆసుస్‌లో ‘విస్పర్’ ఉన్నాయి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ని 100 నుంచి 99కి తగ్గిస్తే చాలా మెషీన్లలో టర్బో (చిప్పు కాసేపు వేగం పెంచుకోవడం) ఆగిపోయి ఫ్యాన్ ఎగిరిపడటం మానేస్తుంది. టైపింగ్, మెయిల్, వీడియోలకు ఆ తేడా పెద్దగా తెలియదు. కోడ్ కంపైల్ చేసేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు మాత్రం బాగా తెలుస్తుంది.

వేయడం కష్టం కాదు కానీ తొందర పనికిరాదు. షీటుని ముందు పది పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఈ షీటు కరిగే వేడికి దగ్గరలోనే ఉంటుంది. అప్పుడు ప్లాస్టిక్ పొర లాగితే షీటు కూడా దాంతోపాటే చిరిగి వస్తుంది. ఈలోపు ల్యాప్‌టాప్‌ని పది నిమిషాలు నడిపి వేడెక్కించి ఆపండి, పాత పేస్ట్ మెత్తబడుతుంది. వెనక మూత స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, తీసిన స్క్రూని ఆ చోటే గుచ్చి పెట్టుకోండి. పొడవైనది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే కీబోర్డు వైపు ఉబ్బుతుంది. రబ్బరు పాదాల కింద దాక్కున్న స్క్రూలు కూడా చూసుకోండి. మూత తీశాక మొట్టమొదట ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టర్.

హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు చివరి అంకె నుంచి వెనక్కి, ఒక్కోటి కొంచెం కొంచెంగా. పలక రాకపోతే పైకి గుంజకండి, కొద్దిగా అటూ ఇటూ తిప్పితే వదులుతుంది. గట్టిగా లాగితే చిప్పు అంచు పగలొచ్చు, దానికి రిపేరు లేదు. పాత పేస్ట్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి గుడ్డతో తుడవండి. తుడిచే ముందు పలక మీద పాత గుర్తుని ఒకసారి చూడండి. చాలా ఇంటెల్ చిప్పుల్లో పక్కపక్కనే రెండు సిలికాన్ ముక్కలుంటాయి, రాగి తగిలేది సాధారణంగా పెద్దదానికే. గుర్తు ఎక్కడ ఉందో షీటు అక్కడే కావాలి.

చిప్పుని స్కేలుతో కొలిచి, నాలుగు వైపులా ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉండేలా కత్తిరించండి. ఒక పొర తీసి, చిప్పు మీద ఒకేసారి పెట్టి వేలితో అద్దండి. పెట్టాక జరపొద్దు. రెండో పొర మూలకి చిన్న సెల్లోటేప్ ముక్క అంటించి, పక్కకి వాలుగా లాగితే తేలిగ్గా వస్తుంది. మూల చిరిగితే కంగారు అక్కర్లేదు, ఊడిన ముక్కని అక్కడే అద్దండి, కరిగాక కలిసిపోతుంది. మడత పడి రెండు పొరలైతే మాత్రం తీసి కొత్తది వేయాలి. తర్వాత స్క్రూలు 1 నుంచి వరసగా, మూడు నాలుగు విడతల్లో బిగించండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. చిప్పు పక్కనున్న చిన్న భాగాల మీద, అంటే గ్రాఫిక్స్ మెమరీ, వోల్టేజ్ భాగాల మీద మెత్తటి రబ్బరు ప్యాడ్లుంటాయి. వాటి బదులు కూడా ఈ షీటే వేసేస్తారు. అక్కడ ఖాళీ అర మిల్లీమీటరో, ఒకటో, ఒకటిన్నరో ఉంటుంది, పావు మిల్లీమీటరు షీటు దాన్ని నింపలేదు. చిరగని ప్యాడ్లని అలాగే ఉంచండి. చిరిగితే అదే మందంలో కొత్తవి వేయండి. 0.5 ఉండాల్సిన చోట 1 వేస్తే పలక ఎత్తుగా నిలిచి చిప్పుకి ఆనదు, మళ్లీ మొదటికొస్తుంది.

ఎలాగూ తెరిచారు కాబట్టి ఫ్యాన్‌కీ రెక్కలకీ మధ్య కూడా చూడండి. అక్కడ బూడిదరంగు దూది చాపలా దుమ్ము అడ్డుపడి ఉంటుంది. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడే మెషీన్లలో అది మరీ మందంగా పేరుకుంటుంది. బయటి వెంట్‌లోంచి బ్లోయర్ కొడితే ఆ చాప వెనక్కి జరుగుతుందే తప్ప బయటికి రాదు. ఫ్యాన్ మూత తీసి బ్రష్‌తో, పట్టకారుతో లాగాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. కంప్రెసర్ గాలికి ఫ్యాన్ తనకు మించిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

బిగించి ఆన్ చేసిన వెంటనే అంకెలు చూసి నిరాశ పడొద్దు. షీటు ఇంకా మందంగానే ఉంటుంది. 70 డిగ్రీలు దాటేలా పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఇలా ఐదారుసార్లు చేస్తే పొర పలచబడి అసలు ఫలితం కనిపిస్తుంది. పలక ఒత్తిడి తక్కువుండే సన్నని ల్యాప్‌టాప్‌లకు ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఏం మారుతుందో కచ్చితంగా చెప్పుకోవాలి. మామూలు వాడకంలో ఒక్కసారిగా 90 డిగ్రీలకు ఎగిరే వేడి ఎగరడం తగ్గుతుంది, దాన్ని చూసి లేచే ఫ్యాన్ కూడా ఊరుకుంటుంది. ఫ్యాన్ వేగం నిమిషానికి 4500 చుట్ల నుంచి 3000కి తగ్గితే గాలి చప్పుడు లెక్క ప్రకారం సుమారు 9 డెసిబెల్స్ తగ్గుతుంది, చెవికి దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది. గంటల తరబడి గేమ్ ఆడేవాళ్లకు మాత్రం ఈ ఫలితం దక్కకపోవచ్చు. ముందు వేడికి భయపడి 45 వాట్ల దగ్గర ఆగిన చిప్పు, ఇప్పుడు దారి దొరికిందని 60 వాట్లు లాగుతుంది. అదే వేడి, అదే హోరు, వేగం మాత్రం పెరుగుతుంది. ఆ 60 వాట్లనీ బయటికి ఊదాల్సింది ఫ్యానే కదా. చప్పుడు తగ్గాలంటే షీటుతోపాటు పవర్ పరిమితి కూడా తగ్గించుకోవాలి. ఎండాకాలం సంగతీ అంతే: గది 26 నుంచి 40 డిగ్రీలకు పెరిగితే, అదే పనికి అదే ఫ్యాన్ వేగం దగ్గర చిప్పు కూడా దాదాపు 14 డిగ్రీలు పెరుగుతుంది. ఏ షీటూ దాన్ని ఆపలేదు. వెనక వైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తిపెడితే కొంత ఉపశమనం.

గరగర, టకటక, గీరుతున్న శబ్దం వస్తుంటే అది బేరింగ్. ఫ్యాన్ మార్చాల్సిందే. నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు ఆగుతుందంతే. ఫ్యాన్ మీద అంటించిన పార్ట్ నంబరు చూసి అదే తెప్పించండి, మోడల్ పేరు ఒకటే అయినా సీపీయూ ఫ్యాన్, గ్రాఫిక్స్ ఫ్యాన్ వేర్వేరుగా ఉంటాయి. లిక్విడ్ మెటల్ వేసి వచ్చిన గేమింగ్ ల్యాప్‌టాప్‌లని ఇంట్లో తెరవకపోవడం మంచిది, ఒక్క బొట్టు బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

ఆన్‌లైన్‌లో ఈ పేరుతో నకిలీలు విపరీతం. ధర మరీ తక్కువుంటే వదిలేయండి. తెప్పించాక చిన్న ముక్క కత్తిరించి, వేడినీళ్ల గ్లాసు గోడకి బయట అంటించి చూడండి: అసలుదైతే మెత్తబడి వేలికి నల్లటి బూడిదలా పూసుకుపోతుంది. రబ్బరులా సాగి అలాగే ఉంటే అది మామూలు ప్యాడ్.

సొంతంగా తెరవలేనివాళ్లు కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోటో, ఊళ్లో తెలిసిన సర్వీసు షాపులోనో ఇవ్వొచ్చు. షీటు మీరే కొని తీసుకెళ్లండి, డబ్బాలోంచి తీసి పూసే తెల్ల పేస్ట్ వద్దని ముందే చెప్పండి. వేసే పద్ధతి వాళ్లకి కొత్తైతే పైన చెప్పిన ఫ్రిజ్ సంగతి, రెండు పొరలూ తీయాలన్న సంగతి గుర్తుచేయండి. రెండో పొర తీయకుండా బిగిస్తే ల్యాప్‌టాప్ విపరీతంగా వేడెక్కి నెమ్మదిస్తుంది, ఆగిపోవచ్చు కూడా. 40 బై 80 మిల్లీమీటర్ల షీటు ఒకటి తెస్తే సీపీయూ, గ్రాఫిక్స్ రెండింటికీ పోను ఇంకా మిగులుతుంది. మిగిలిన ముక్కని పొరలతోనే జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్ తలుపు అరలో దాచుకోండి.