పదహారు రాసుకుని పోతే ఏడు వచ్చాయి

పదహారు మొక్కల లిస్టు రాసుకుని వరంగల్ పోయాం. ఇల్లు చేరినవి ఏడు. రెండు మధ్యలోనే పోయాయి, ఆ తప్పు మాదే. మిగతావి కొననివ్వకుండా ఆపింది అమ్మే మనిషే.

మాది గోదావరిఖని. ఇక్కడ మిద్దె మీద మొక్కలు పెంచడమంటే రెండిటితో పోరాటం: ఒకటి ఎండ, రెండోది బొగ్గు దుమ్ము. పొద్దున తుడిచిన ఆకు సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. ఈసారి రోహిణి కార్తెలో నాలుగు గులాబీలు, ఒక మల్లె నా కళ్ల ముందే ఎండిపోయాయి. రెండు పూటలా నీళ్లు పోశాను, పాత చీర అడ్డం కట్టాను, అయినా ఆగలేదు. మృగశిర ప్రవేశించి ఒక వాన పడగానే, "ఈసారి ఇక్కడ కొనద్దు, హన్మకొండ పోదాం. గుడి చూసినట్టుంటది, చెట్లు తెచ్చుకున్నట్టుంటది" అని అత్తమ్మ అన్నది. మా ఆయనకు రెండు రోజులు సెలవు దొరికింది. పాత కారు తీసి ముగ్గురం బయలుదేరాం.

సుల్తానాబాద్, కరీంనగర్, హుజూరాబాద్ మీదుగా మూడు గంటల పైన పట్టింది. రైల్లో రామగుండం నుంచి కాజీపేటకు హాయిగా పోవచ్చు. కానీ తిరుగు ప్రయాణంలో మొక్కలు ఎక్కడ పెడతాం? జనరల్ బోగీలో మల్లె తీగ పట్టుకుని నిలబడే ధైర్యం నాకు లేదు.

బస గురించి ముందే చెప్పేస్తాను. నక్కలగుట్టలో పర్యాటక శాఖ వారి హరిత కాకతీయ ఉంది. పెళ్లిళ్ల రోజులు కావడంతో మేం ఫోన్ చేసేసరికి గదులు నిండిపోయాయి. హన్మకొండ చౌరస్తా దగ్గర్లో ఒక లాడ్జిలో 1400 రూపాయలకు గది తీసుకున్నాం. వేయిస్తంభాల గుడికి నడిచి పోయేంత దూరం, మంచం మీద దుప్పటి శుభ్రం, ఆ రెండూ బాగున్నాయి. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్లకు మాత్రం ఆ చోటు పనికిరాదు. కారు పెట్టే జాగాలో గజం నీడ లేదు. బాల్కనీ అని చెప్పి చూపించింది ఏసీ యంత్రం పెట్టే అరుగు. రాత్రి రెండు గంటల సేపు కరెంటు పోతే జనరేటర్ వరండాలో లైటుకు పనిచేసింది కానీ మా గదిలో ఫ్యానుకు పనిచేయలేదు. పొద్దున అడిగితే కౌంటర్ దగ్గరి అబ్బాయి నవ్వాడు, అంతే.

తిండికి కొదువ లేదు. సాయంత్రం రోడ్డు పక్కన ఒకామె వేడివేడిగా కాల్చి ఇచ్చిన జొన్న రొట్టెలు, పచ్చిమిర్చి తొక్కుతో తిన్నాం. అత్తమ్మ మూడు తిన్నది, ఇంట్లో ఒకటిన్నర దాటదు.

ఇక నర్సరీలు. హంటర్ రోడ్డు వైపు మొదట ఆగినది పెద్దది, చూడముచ్చటగా ఉంది. దారి పొడవునా గులకరాళ్లు, వరసగా పింగాణీ కుండీలు, ఫొటోలు దిగే పిల్లలు. ఇంట్లో నీడలో పెంచే మొక్కలు, కుండీలు కావాలంటే నేను మళ్లీ అక్కడికే పోతాను. ప్రతిదానికీ ధర చీటీ ఉంది, బేరం టెన్షన్ లేదు. కానీ ఏం అడిగినా ఒకటే జవాబు: "రోజూ నీళ్లు పొయ్యండి మేడం." మల్లెకూ అదే, కలబందకూ అదే. ఎర్ర మందారాలు రెండు విరగబూసి ఉంటే ఆగలేక కొన్నాను. కారు వెనక సీట్లో పెట్టి, అద్దాలు బిగించి, భద్రకాళి అమ్మవారి దర్శనానికి పోయాం. చెరువు గట్టున గాలి బాగుందని కూర్చున్నాం కూడా. రెండు గంటల తర్వాత కారు తలుపు తీస్తే ఆకులు ఉడకబెట్టిన పాలకూరలా వేలాడుతున్నాయి. నీళ్లు చల్లినా, నీడకు మార్చినా లేవలేదు. మూసిన కారు ఎండలో పొయ్యి లాంటిదని పిల్లల విషయంలో అందరికీ తెలుసు, మొక్కల విషయంలో నాకు తట్టలేదు. కాబట్టి ఎవరైనా మాలాగే పోతే ముందు గుడులు, తర్వాత మొక్కలు. కొన్నాక ఇక ఎక్కడా ఆగొద్దు.

వేయిస్తంభాల గుడి సాయంత్రం చూశాం. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు. నల్లరాతి నంది మీద చెయ్యి పెడితే సాయంత్రానికి కూడా వెచ్చగానే ఉంది. రామప్ప ఈసారి కుదరలేదు.

రెండో రోజు పొద్దున ములుగు రోడ్డు వైపు పోయాం. అక్కడ చూసిన నర్సరీ రైతుల కోసం నడిచేది. మామిడి, జామ అంటు మొక్కలు వందల్లో ఉన్నాయి, మిరప నారు ట్రేలలో సిద్ధమవుతోంది. ధరలు మొదటిదానికంటే చాలా తక్కువ. మాలాంటి రెండు మొక్కల గిరాకీతో మాట్లాడే తీరిక మాత్రం వాళ్లకు లేదు, ఎకరాల లెక్కన కొనేవాళ్లు ట్రాక్టర్లతో నిలబడి ఉన్నారు. అక్కడి కుర్రాడు ఒకటి మాత్రం బాగా చూపించాడు. అంటు మొక్క కొనేటప్పుడు అతుకు ఎక్కడుందో చూసుకోవాలి, నాటినప్పుడు ఆ అతుకు మట్టిలో మునగకూడదు, దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి. లేకపోతే పైన కట్టిన మంచి రకం చచ్చిపోయి కింది అడవి రకం మిగులుతుంది. నా పాత గులాబీల్లో ఒకటి పూలు మానేసి ముళ్లతో ఏపుగా ఎందుకు పెరిగిందో అప్పుడు అర్థమైంది. ఆ కొమ్మలనే నేను "అబ్బ, ఎంత బలంగా ఉందో" అని ముద్దుచేశాను!

మిగిలిన కథంతా మూడో నర్సరీదే. తిరుగు దారిలో, హసన్‌పర్తి దాటాక, రోడ్డు పక్కన చిన్నది. పైన ఆకుపచ్చ నీడ వల, ముందు వేపచెట్టు, కింద నులక మంచం. అరవై దాటిన ఒక కాకా లేచి వచ్చాడు. లిస్టు ఇచ్చాను. చదవకుండా జేబులో పెట్టుకుని, "బిడ్డా, నేలనా, మిద్దెనా?" అని అడిగాడు. మిద్దె అన్నాను. ఎండ ఏ పక్క నుంచి వస్తుంది, ఎన్ని గంటలు ఉంటుంది, నీళ్లు బోరువా, నల్లావా, ఊరికి పోతే ఎవరు పోస్తారు... ఆధార్ కార్డుకు కూడా ఇన్ని అడగలేదు. అప్పుడు లిస్టు బయటికి తీసి చెవి మీది పెన్సిల్‌తో కొట్టెయ్యడం మొదలుపెట్టాడు.

ముందు గులాబీలు నాలుగూ పోయాయి. "ఇప్పుడు కొంటవు, వానలకు ఆకు మీద నల్ల మచ్చలొస్తయి, కొమ్మ కొస నుంచి ఎండుకుంట వస్తది. దసరా పోయినంక రా. అప్పుడు కొమ్మలు కత్తిరించుకుంటే చలికాలమంత పూలే." మామిడి కొట్టెయ్యలేదు కానీ పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. డ్రమ్ములో పెరుగుతుందట, "డ్రమ్ము మట్టి తడిస్తే ఎంత బరువైతదో ఎరుకేనా? ముందు మీ ఇల్లు కట్టిన మేస్త్రీని అడుగు, తర్వాత నన్నడుగు" అన్నాడు. గోబీ, క్యారెట్ నాటుతానంటే చలి పడాలన్నాడు. కొత్తిమీర ఈ వేడికి సరిగా మొలవదట. బెండ, బీర, కాకర, గోకర (గోరుచిక్కుడు), పుంటికూర (గోంగూర) మాత్రం తొలకరికి వేసుకోమన్నాడు. మల్లెలు సరే. ఇప్పుడు నాటితే వానాకాలమంతా వేరు పట్టి వచ్చే ఎండాకాలానికి పూస్తాయి. డిసెంబరు నుంచి నీళ్లు బాగా తగ్గించి, ఆ తర్వాత కొమ్మలు కత్తిరించాలట. నేను చలికాలంలో కూడా పాపం ఎండిపోతుందేమోనని రోజూ బకెట్ పోసేదాన్ని. అందుకే ఆకులే తప్ప పూలు లేవు.

చామంతి దగ్గర పెన్సిల్ ఆగింది.

"పోయినేడు పూసినయా?"

"లేదు కాకా. మొక్క నిండుగా ఉంది, మొగ్గే లేదు. మందు కూడా కొట్టిన."

"రాత్రి పూట కుండి మీద లైటు పడ్తదా?"

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా పిట్టగోడకు ఆనుకునే వీధి దీపం. రెండేళ్ల కింద కొత్త ఎల్‌ఈడీ పెట్టారు, మిద్దె మీద పేపర్ చదువుకోవచ్చు.

"గట్లయితే ఎట్ల పూస్తది? పగలు తగ్గి రాత్రి పెరిగితెనే అది మొగ్గ తొడుగుతది. నువ్వు రాత్రంత లైటు పెడితివి, ఇంక ఎండాకాలమే ఉందనుకున్నది పిచ్చిది. చిక్కుడు సుత గంతే."

చామంతికి నేను ఎన్ని డబ్బులు తగలేశానో లెక్క వేసుకుంటే సిగ్గేసింది. పూల మందు, ఎరువు, ఆకుల మీద కొట్టే బలం మందు. కావలసింది చీకటి. వినాయక చవితి దాటినప్పటి నుంచి రాత్రి వెలుతురు పడని మూలకు జరిపితే చాలన్నాడు. పోయినేటి తల్లి మొక్కల నుంచి ఇప్పుడు నాలుగంగుళాల కొసలు తుంచి ఇసుకలో గుచ్చితే వేర్లు వస్తాయని, అలా వేరు పట్టినవే రెండు కవర్లు ఇచ్చాడు.

అత్తమ్మ బతుకమ్మకు బంతిపూలు కావాలన్నది. కాకా వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టాడు. పెత్రామాస (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) నాటికి పూలు చేతికి రావాలంటే నారుకు 25 రోజులు, నాటినంక 2 నెలలు, అంటే దగ్గర దగ్గర మూడు నెలల ముందు గింజ పడాలి. తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువవుతాయి కానీ పూత వెనక్కి పోతుంది, అందుకని ఇంకో రెండు వారాలు ముందే గింజ వేసుకోమన్నాడు. బతుకమ్మలో పేర్చే గునుగు పూల విత్తనం అడిగితే నవ్వాడు. "అది కొనుడేంది అక్కా, చేను గట్టుకు పో."

సరుకు గురించి కూడా దాచలేదు. ఇక్కడ అమ్మే పూల మొక్కలు చాలావరకు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో దిగుతాయి. మిగతా చోట్ల లోడు దిగిన రోజే అమ్మకానికి పెడతారు. ఈయన కనీసం పదిహేను రోజులు నీడ వల కింద ఉంచి, మన ఎండకు అలవాటు పడ్డాకే అమ్ముతాడట. నిజమేనా అని అనుమానం వచ్చి నిన్న దిగిన లోడు అడిగాను, వెనక చూపించాడు, ఎంత అడిగినా ఇవ్వలేదు. కవర్లోని మట్టి ముద్ద బంకగా, గట్టిగా ఉంటే దాన్ని అలాగే మన కుండీలో పెట్టొద్దు. చుట్టూ ఉన్న వదులు మట్టి నీళ్లు తాగుతుంది, మధ్యలో ముద్ద పొడిగానే ఉండి మొక్క ఎండుతుంది. నాటే ముందు నీళ్ల బకెట్‌లో కాసేపు ముంచి, అంచులు మెల్లగా విదిల్చాలి. నా మల్లె పోయింది కూడా ఇందుకే కావచ్చు. పీకినప్పుడు కవర్ ఆకారం ముద్ద అలాగే వచ్చింది మరి.

కుండీకి రెండు పాళ్లు ఎర్ర చెల్క మట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట (పశువుల ఎరువు), ఒక పాలు ఇసుక, గుప్పెడు వేప పిండి చెప్పాడు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎండాకాలం మంచిదే కానీ వానల్లో నీళ్లు పట్టుకుని వేరు కుళ్లుతుందట. మాగని పెంట వేస్తే చెదలు వస్తాయి. మందారం ఎంచుకుంటుంటే కొమ్మ మీద చీమలు పాకుతున్నది పక్కన పెట్టించాడు, చీమలు ఎక్కుతున్నాయంటే పైన పిండినల్లి (తెల్లగా పిండిలా అంటుకునే పురుగు) ఉన్నట్టేనట. ఆకు తిప్పి చూపించాడు, ఉంది. ఇంటికి పోయాక వస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టమన్నాడు. బొగ్గు దుమ్ముకు మాత్రం ఆయన దగ్గర కూడా వైద్యం లేదు, "పైపు పట్టి కడుగు" అన్నాడు.

మల్లెలు రెండు, చామంతులు రెండు, మందారం, నిమ్మ, కల్యమాకు (కరివేపాకు) ఒక్కొక్కటి. విత్తనాలు, వేప పిండితో కలిపి 780 రూపాయలు. కార్డు, ఇంటికి చేర్చే బండి ఏమీ లేవు. ఫోన్‌లో డబ్బు పంపుదామంటే సిగ్నల్ లేక చిల్లర కోసం పక్క టీ కొట్టుకు పోవాల్సి వచ్చింది. రకాలు కూడా తక్కువ, మొదటి నర్సరీలో పదో వంతు ఉండవు. కవర్లకు తడి గోనె సంచి చుట్టి, అద్దాలు కొద్దిగా దించి పొమ్మని ఆయనే సర్దాడు. దించిన అద్దం నుంచి గాలి నేరుగా ఆకుల మీద కొట్టకుండా అత్తమ్మ తన కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నది.

ఐదు రోజులు మెట్ల కింద నీడలో ఉంచి తర్వాతే మిద్దె ఎక్కించాం. రెండు వారాల దాకా ఎరువు వెయ్యలేదు. ఏడూ బతికే ఉన్నాయి. దసరా తర్వాత గులాబీల కోసం మళ్లీ పోవాలి, అప్పుడు పాలంపేట దాకా పోయి రామప్ప కూడా చూడాలి. బంతి నారు ట్రేలో రెండాకులు వేసింది, అత్తమ్మ క్యాలెండర్‌లో పెత్రామాస చుట్టూ సున్నా చుట్టి పెట్టింది.

చామంతులను ఇప్పుడే జరపాల్సిన పని లేదని కాకా చెప్పినా మా ఆయన వినలేదు. నీళ్ల ట్యాంకు వెనక చోటు చూసి పెట్టాడు. నైట్ షిఫ్టుకు పోయే ముందు రోజూ ఒకసారి పైకెక్కి, అక్కడ నిజంగా చీకటిగానే ఉందా అని చూసి మరీ పోతున్నాడు.