జపాన్‌లో చవక బస: క్యాప్సూలా, బిజినెస్ హోటలా, అద్దె ఇల్లా?

జపాన్‌లో హోటల్ రేటు చాలాచోట్ల గదికి కాదు, మనిషికి. మన దగ్గర గది రెండు వేలంటే అందులో ఇద్దరు పడుకున్నా, ఇంకో పరుపు వేయించుకుని ముగ్గురు సర్దుకున్నా పెద్ద తేడా ఉండదు. అక్కడ అదే గదికి ఒక్కరుంటే ఒక రేటు, ఇద్దరుంటే ఇంకో రేటు. ఒక్కరికని బుక్ చేసి ఇద్దరు వెళ్లి నిలబడితే కుదరదు. అందుకే అక్కడ చవక ఏదని ఎవరైనా అడిగితే, ఎంతమంది వెళ్తున్నారో ముందు చెప్పమంటాను. ఒంటరిగా వెళ్లేవాళ్లకి బాగా కలిసొచ్చేది నలుగురున్న కుటుంబానికి దండగ కావచ్చు.

లెక్క సులువుగా ఉండాలంటే 100 యెన్లని 60 రూపాయలు అనుకోండి. ఈ మధ్య అసలు రేటు కాస్త తక్కువగానే ఉంటోంది కాబట్టి, లెక్క తప్పినా మన మంచికే తప్పుతుంది. కింద చెప్పే రేట్లన్నీ మామూలు రోజులవి. ఊరిని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి.

ఒక్కరే వెళ్తుంటే అందరూ మొదట చెప్పేది క్యాప్సూల్ హోటల్. 1979లో ఒసాకాలోని ఉమెదాలో మొదటిది వచ్చింది. దాన్ని డిజైన్ చేసింది కిషో కురొకావా అనే పేరున్న ఆర్కిటెక్ట్. ఆఖరి రైలు తప్పిపోయిన ఆఫీసు ఉద్యోగులు టాక్సీకి డబ్బు పోసే బదులు అక్కడే పడుకుని పొద్దున్నే ఆఫీసుకి పోవచ్చన్నది ఆలోచన. ఇప్పటికీ ఆ పద్ధతి చాలావరకు అలాగే ఉంది. సుమారు రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉండే పెట్టె. లోపల కూర్చోవచ్చు, నిలబడలేం. ముందు తలుపుండదు, కర్టెనో దించుకునే తెరో ఉంటుంది, దానికి తాళం ఉండదు. పాస్‌పోర్టు, డబ్బు లాకర్‌లో పెట్టుకోవాలి. రాత్రికి 3,000 నుంచి 6,000 యెన్లు. తువ్వాలు, రాత్రి వేసుకునే బట్టలు చాలాచోట్ల వాళ్లే ఇస్తారు, కొన్నిచోట్ల వేడినీళ్ల పెద్ద తొట్టి కూడా ఉంటుంది.

చిక్కంతా సామానుతో. మన పెద్ద సూట్‌కేసు ఆ లాకర్‌లో పట్టదు, రిసెప్షన్ దగ్గర ఒక మూల పెట్టిస్తారు. రాత్రి ఏదన్నా కావాలంటే అక్కడికి దిగి రావాలి. వరసగా మూడు రాత్రులు బుక్ చేసుకున్నా చాలా క్యాప్సూల్ హోటళ్లు రోజూ పొద్దున పదింటికల్లా బయటికి పంపి, మధ్యాహ్నం దాటాకే మళ్లీ రానిస్తాయి. జ్వరం వచ్చి పగలంతా పడుకోవాలనుకుంటే కుదరదు. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరువేరు అంతస్తులు, కొన్నయితే మగవాళ్లకే. కాబట్టి భార్యాభర్తలు వెళ్తే చెరో అంతస్తు. పక్క పెట్టెలో గురక, తెల్లవారుజామున నాలుగింటికి మోగే ఎవరిదో అలారం, వీటికి చెవుల్లో దూది తప్పదు.

ఇంచుమించు అదే ధరకి, 3,000 నుంచి 5,000 యెన్లకి, హాస్టల్‌లో డార్మిటరీ పడక దొరుకుతుంది. నన్నడిగితే ఒక్క రాత్రి సరదాకి క్యాప్సూల్, రెండు రాత్రులు దాటితే హాస్టల్. కారణం వంటిల్లు. మాంసం, చేపలు తిననివాళ్లకి జపాన్‌లో బయట తిండి ఎంత కష్టమో వెళ్లొచ్చినవాళ్లకి తెలుసు. కూరగాయల సూప్ అని ఇచ్చినదాంట్లోనూ ఎండు చేపతో కాచిన దాషి నీళ్లు ఉంటాయి. హాస్టల్ వంటింట్లో అన్నం వండుకుని, సూపర్ మార్కెట్ పెరుగు కలుపుకుని, వెంట తెచ్చిన ఆవకాయతో తినేస్తే ఆ పూట గడిచినట్టే. అక్కడి బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుంది, పప్పన్నానికి అంతంతమాత్రమే కానీ పెరుగన్నానికి భేషుగ్గా ఉంటుంది.

ఇద్దరు వెళ్తే మాత్రం నా ఓటు బిజినెస్ హోటల్‌కే. టోయోకో ఇన్, అపా (APA), సూపర్ హోటల్, రూట్ ఇన్, డోర్మీ ఇన్ లాంటి గొలుసు హోటళ్లివి, ఉద్యోగం పని మీద ఊళ్లు తిరిగేవాళ్ల కోసం పెట్టినవి. ఒక మోస్తరు ఊరు ఏదైనా సరే, స్టేషన్ బయటికి వచ్చి తలెత్తి చూస్తే వీటిలో ఒక బోర్డు కనిపిస్తుంది. దానివల్ల టాక్సీ ఖర్చు మిగులుతుంది. జపాన్‌లో టాక్సీ ఎక్కినవాళ్లకి అది ఎంత మిగులో చెప్పక్కర్లేదు. ఒక్కరికి 7,000 నుంచి 12,000 యెన్లు, ఇద్దరికి 10,000 నుంచి 16,000. అంటే క్యాప్సూల్‌లో ఇద్దరు చెరో పెట్టె తీసుకుంటే అయ్యే ఖర్చు మీద ఇంకొంత వేస్తే తలుపు, తాళం, సొంత బాత్‌రూమ్ వస్తాయి. 1986లో టోక్యోలోని కమాతాలో మొదలైన టోయోకో ఇన్ ఉదయం టిఫిన్ ఉచితంగా పెడుతుంది. అన్నం, బ్రెడ్, సలాడ్, కాఫీ ఉంటాయి, శాకాహారులు దాషితో చేసే మిసో సూప్ జోలికి పోకపోతే చాలు. బడికి వెళ్లని వయసు పిల్లలు పెద్దవాళ్ల పక్కనే పడుకుంటే ఇలాంటి హోటళ్లలో చాలాచోట్ల డబ్బు అడగరు.

గది చిన్నదని ముందే మనసులో అనుకుని వెళ్లాలి. పదకొండు పన్నెండు చదరపు మీటర్లు, అంతే. రెండు పెద్ద పెట్టెలు ఒకేసారి తెరవడానికి నేల చాలదు, ఒకరు తెరిస్తే ఇంకొకరు మంచం ఎక్కాల్సిందే. బుకింగ్‌లో చూసుకోవాల్సినవి రెండు. ఒకటి, సెమీ డబుల్ అన్న పేరు. తక్కువ ధర చూసి ఇద్దరికి తీసుకుంటారు, ఆ మంచం వెడల్పు సుమారు 120 సెంటీమీటర్లు, అంటే నాలుగు అడుగులు. కొత్త జంటకి ఫరవాలేదేమో కానీ, అరవై దాటిన అమ్మానాన్నలకి మాత్రం రెండు విడి మంచాలుండే ట్విన్ గది తీసుకోండి. రెండోది, పొగ తాగని గది. చవగ్గా కనిపించే గది ఒక్కోసారి సిగరెట్ గదే అయ్యుంటుంది, కర్టెన్లకి పట్టిన ఆ వాసన వారం రోజులు మన బట్టల్ని వదలదు.

నలుగురు, అయిదుగురు అయితే కథ మారుతుంది. ఇక్కడే అద్దె ఇల్లు, జపాన్‌లో దాన్ని మింపాకు అంటారు, పోటీలోకి వస్తుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నలుగురికి బిజినెస్ హోటల్‌లో రెండు ట్విన్ గదులు, ఒక్కోటి 14,000 అనుకుంటే రాత్రికి 28,000 యెన్లు. అద్దె ఇల్లు రాత్రికి 24,000, పైగా శుభ్రం చేసినందుకు ఒక్కసారి వేసే 8,000 అనుకుందాం. నాలుగు రాత్రులుంటే రాత్రికి 26,000 పడుతుంది, ఒక్క రాత్రే ఉంటే 32,000. గది లెక్కలోనే చూస్తే నాలుగు రాత్రులకి కూడా తేడా కొంచెమే. మిగిలేదంతా తిండి దగ్గర. ఇండియన్ రెస్టారెంట్‌లో మనిషికి పూటకి 1,200, 1,500 యెన్లు సునాయాసంగా అయిపోతాయి. పొద్దున ఉప్మా, రాత్రి అన్నం ఇంట్లోనే చేసుకుంటే ఆ కుటుంబానికి రోజుకి ఎనిమిది తొమ్మిది వేల యెన్లు మిగులుతాయి. వాషింగ్ మెషీన్ ఉంటుంది కాబట్టి బట్టలు కూడా తక్కువ తీసుకెళ్లొచ్చు.

వంట అన్నాను కదా అని ఇక్కడి నుంచి ఎలక్ట్రిక్ కుక్కర్ మోసుకెళ్లకండి. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. మన కుక్కర్ అక్కడ పెడితే ఇక్కడి వేడిలో అయిదో వంతు కూడా రాదు, బియ్యం నానుతూ ఉంటుంది. అద్దె ఇళ్లలో రైస్ కుక్కర్ చాలావరకు ఉంటుంది, ఉందో లేదో ఇంటివాళ్లని ముందే అడగండి. హోటల్ గదిలో వంట పెట్టుకోవడం ఎలాగూ నిషిద్ధం.

అద్దె ఇల్లు చట్టబద్ధమైనదో కాదో చూసుకోవడం మన పనే. 2018 జూన్‌లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి ఇంటిని ఏడాదికి 180 రోజులకి మించి అద్దెకి ఇవ్వకూడదు, రిజిస్ట్రేషన్ నంబరు ప్రకటనలో చూపించాలి. క్యోటో మరీ కఠినం, కేవలం నివాస ప్రాంతాలుగా గుర్తించిన వీధుల్లో జనవరి మధ్య నుంచి మార్చి మధ్య వరకే అనుమతి. అంటే చెర్రీ పూల సీజన్ మొదలవకముందే అక్కడ తలుపులు మూస్తారు. నంబరు లేని ఇల్లు ఎంత చవకైనా వద్దు. ఇక ఇంట్లో దిగాక చెత్తని తగలబడేది, ప్లాస్టిక్, సీసాలు అని వేరు చేయాలి. సాయంత్రం చెక్-ఇన్ అయ్యేదాకా సామాను పెట్టుకోవడానికి రిసెప్షన్ ఉండదు, స్టేషన్ లాకర్లే గతి. పెద్దవాళ్లుంటే లిఫ్ట్ ఉందేమో అడగడం మరీ ముఖ్యం.

రైలు ఖర్చు కూడా ఇందులో కలిపే చూడాలి. పర్యాటకులు జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో దేశమంతా తిరగడానికి కొనే ఏడు రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబర్‌లో 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000కి పెరిగింది. అంతకుముందు ఎక్కడో చవక ఊళ్లో బస చేసి రోజూ బుల్లెట్ రైల్లో తిరిగినా గిట్టేది. ఇప్పుడు టోక్యో నుంచి ఒసాకాకి ఒకవైపు టికెట్టే సుమారు 14,000, కాబట్టి తక్కువ ఊళ్లలో ఎక్కువ రాత్రులు ఉండటమే నయం. క్యోటో, నారా చూడ్డానికి ఒసాకాలో దిగండి. మామూలు జేఆర్ రైల్లో క్యోటో అరగంట, టికెట్టు 600 యెన్ల లోపే. సీజన్‌లో రెండు ఊళ్ల హోటల్ రేట్ల మధ్య తేడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా క్యోటో బస పన్ను 2026 మార్చి నుంచి పెరిగింది. మనిషికి రాత్రికి పడే రేటు 6,000 లోపైతే పన్ను మనిషికి 200 యెన్లే కానీ, ఆపైన 20,000 లోపు 400, ఆపైన 50,000 లోపు వెయ్యి.

ఒసాకాలోనే ఇంకా చవక కావాలంటే షిన్-ఇమామియా స్టేషన్ చుట్టుపక్కల చూడొచ్చు. ఒకప్పుడు రోజుకూలీలు ఉండే లాడ్జీలు చాలా ఇప్పుడు పర్యాటకులకి గదులిస్తున్నాయి. మూడు తాతామి చాపలు పరిచేంత గది, బాత్‌రూమ్ అందరికీ కలిపి. వీధి కాస్త ముతగ్గా కనిపిస్తుంది. కుర్రాళ్లకి సరే, పిల్లలతో వెళ్లేవాళ్లకి నేను చెప్పను. రాత్రి బస్సు, నెట్ కేఫ్ కుర్చీ కూడా కొందరు లెక్కలో వేస్తారు. ఒక రాత్రి అద్దె మిగిలేది నిజమే, మర్నాడు పగలంతా కునికిపాట్లు పడేదీ నిజమే.

చవక కాకపోయినా ఒక్క రాత్రికి ఖర్చు పెట్టమని నేను చెప్పేది కోయాసాన్‌లో. కూకాయ్ అనే సన్యాసి 816లో స్థాపించిన బౌద్ధ క్షేత్రమది. ఒసాకా నంబా నుంచి రైలు, కేబుల్ కారు కలిపి సుమారు రెండు గంటలు. అక్కడి 117 ఆలయాల్లో యాభైకి పైగా యాత్రికులకి గదులిస్తాయి. మనిషికి 12,000 యెన్ల నుంచి పైకి, రెండు పూటలా భోజనం కలిపి. ఆ భోజనంలో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. సూప్ నీళ్లు సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాస్తారు. మన ఇంటి పెద్దవాళ్లు ఏ అనుమానమూ లేకుండా తినగలిగే భోజనం ఇక్కడ దొరుకుతుంది. మిన్షుకు అనే ఇంటి బసలు కూడా ఇలాగే రెండు పూటలా పెడతాయి, ధర కూడా కాస్త తక్కువ, కానీ అక్కడ వడ్డించేది ఎక్కువగా చేపే. చేప తినేవాళ్లకి సముద్రం ఒడ్డున ఉన్న మిన్షుకు పండగే. తిననివాళ్లు భోజనం లేని రేటు అడగాలి.

వీసా దరఖాస్తుతో పాటు ఏ రాత్రి ఎక్కడ ఉంటామో రోజువారీ పట్టిక ఇవ్వాలి కాబట్టి, ముందు ఉచితంగా రద్దు చేసుకునే రేటుకే గదులు తీసుకోండి, వీసా వచ్చాక తీరిగ్గా మార్చుకోవచ్చు. శనివారం రాత్రి దాదాపు ప్రతిచోటా రేటు ఎక్కువ. ఏప్రిల్ చివర నుంచి మే అయిదు దాకా గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో ఓబోన్, ఇంకా కొత్త సంవత్సరం, ఈ మూడు సమయాల్లో జపాన్ వాళ్లే దేశమంతా కదులుతారు. బడి సెలవుల బంధం లేనివాళ్లకి జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి దాకా నగరాల్లో హోటళ్లు బాగా దిగుతాయి, సప్పోరోలో మంచు ఉత్సవం జరిగే ఫిబ్రవరి రోజులు తప్ప.