చమురు బావి గ్రాఫ్‌ను నమ్మి రాయల్టీ కొనకండి: డ్రిల్లింగ్ మ్యాప్ యాప్ మూడేళ్ల వాడకం

అమెరికాలోని చమురు, గ్యాస్ బావులను, తవ్వకం పర్మిట్లను మ్యాప్ మీద చూపించే యాప్ ఇది. రాయల్టీ అంటే బావి ఆదాయంలో భూగర్భ హక్కుదారుకు వచ్చే వాటా. మ్యాప్, లేయర్లు, చందా రకాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ యాప్‌తో నాకున్న పేచీ ఒక్కటే. టెక్సస్‌లో చమురు బావి మీద నొక్కితే వచ్చే ఉత్పత్తి గ్రాఫ్ కొలిచిన లెక్క కాదు, పంచిన లెక్క. ఆ మాట గ్రాఫ్ పక్కన ఎక్కడా లేదు.

టెక్సస్‌లో గ్యాస్‌ను బావివారీగా రిపోర్ట్ చేస్తారు. చమురుకు మాత్రం లీజు (ఒక ఒప్పందం కింద తవ్వే భూమి) మొత్తానికి కలిపి నెలకు ఒకే అంకె రైల్‌రోడ్ కమిషన్‌కు వెళ్తుంది. పేరు అలా ఉన్నా టెక్సస్‌లో చమురు, గ్యాస్‌ను నియంత్రించేది అదే. లీజులో ఒకే బావి ఉంటే ఇబ్బంది లేదు. నాలుగుంటే ఈ యాప్ ఆ అంకెను నాలుగుతో భాగించి చూపిస్తుంది.

మూడు పాత బావుల లీజు నెలకు 6,000 బ్యారెళ్లు ఇస్తోందనుకోండి. అంటే బావికి 2,000. కొత్తగా ఒక హారిజాంటల్ బావి (భూమి లోపల అడ్డంగా సాగేది) మొదలై మొత్తం 21,000కు చేరింది. యాప్‌లో ఇప్పుడు నాలుగింటికీ తలా 5,250 కనిపిస్తుంది. పాతవాటికి ప్రాణం లేచొచ్చినట్టు, కొత్తది ఓ మోస్తరుగా ఉన్నట్టు! నిజానికి 15,000 దాకా ఆ కొత్త బావిదే. షేల్ రాతిపొరల్లో అలాంటి బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోవడం మామూలు. నిలకడైన లీజు అనుకుని బేరం కుదుర్చుకున్నవాళ్లకు ఏడాది తిరిగేసరికి చెక్కు బాగా తగ్గిపోతుంది.

సరిచూసుకోవాలంటే, 42తో మొదలయ్యే ఏపీఐ నంబరు (బావి గుర్తింపు సంఖ్య) పట్టుకుని కమిషన్ రికార్డుల్లో లీజు నంబరు వెతకండి. నెలవారీ లీజు ఉత్పత్తి దించుకోండి. ప్రతి బావికీ అది పూర్తయ్యాక కమిషన్‌కు ఇచ్చే డబ్ల్యు-2 ఫారం తెరిచి 24 గంటల టెస్టు అంకె చూడండి. పక్కనే ఉండే చోక్ సైజు (ప్రవాహాన్ని అదుపు చేసే రంధ్రం కొలత), ట్యూబింగ్ ప్రెషర్ (బావి గొట్టంలో ఒత్తిడి) వదలొద్దు. చోక్ బాగా తెరిచి ఒకరోజు తీసిన అంకె నెలంతా నిలవదు. కొత్త బావి రాకముందు ఏడాది తగ్గుదలను ముందుకు గీసి, ఇప్పటి మొత్తంలోంచి తీసేస్తే కొత్తదాని వాటా తేలుతుంది. పక్కన ఫ్రాకింగ్ (ఒత్తిడితో నీళ్లు పంపి రాతిని చీల్చడం) జరిగేటప్పుడు పాత బావులను కొన్నాళ్లు మూసేస్తుంటారు కాబట్టి ఆ నెలలను లెక్కలోంచి తప్పించాలి. లీజు నంబరు ఇంకా రాని బావికి యాప్ సున్నా చూపిస్తుంది. దాని ఉత్పత్తి అప్పటిదాకా పర్మిట్ నంబరు కింద పెండింగ్‌లో ఉంటుంది, అక్కడ చూడండి.

పర్మిట్ అలర్ట్‌లను మొదట్లో తెగ మెచ్చుకున్నాను. ఇప్పటికీ వేగంగానే వస్తాయి. కాకపోతే అవి బావి నోరు ఉన్న చోటునే పట్టించుకుంటాయి. రెండు మైళ్ల అవతలి ప్యాడ్ (తవ్వే స్థలం) నుంచి మీ భూమి కిందికి వచ్చే బావికి అలర్ట్ రాదు. అలర్ట్ హద్దును మీ భూమి హద్దుకు అన్ని వైపులా మూడు మైళ్లు బయటికి గీసుకోండి. పైగా పర్మిట్ వచ్చినంత మాత్రాన రిగ్గు వచ్చినట్టు కాదు. గడువు రెండేళ్లు, తవ్వకుండానే ముగిసిపోయేవీ ఉంటాయి.

నార్త్ డకోటాలో ఉత్పత్తిని బావివారీగానే రిపోర్ట్ చేస్తారు కాబట్టి అక్కడ ఇదే గ్రాఫ్ బాగా పనికొస్తుంది. నా రాయల్టీ హక్కుల్లో ఎక్కువ భాగం అక్కడివే, అందుకే చందా కట్టడం మానలేదు. ఒకటి రెండు టెక్సస్ చమురు లీజులే ఉన్నవాళ్లకు మాత్రం కమిషన్ ఉచిత రికార్డులు, ఒక స్ప్రెడ్‌షీట్ సరిపోవచ్చు.