బాబుకి కౌన్సెలింగ్: 16 నెలల తర్వాత మా అనుభవం

నిరుడు సంక్రాంతి సెలవులు అయిపోయిన దగ్గర్నుంచి మా బాబుకి యూనిఫాం చూడగానే కడుపునొప్పి. అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. ఆదివారం సాయంత్రానికే ముఖం వాడిపోయేది. స్కానింగ్, రక్తపరీక్షలు, నులిపురుగుల మందు అన్నీ అయ్యాయి. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీసింది. చివరికి పిల్లల డాక్టరే "కడుపులో ఏం లేదండీ, ఒకసారి సైకాలజిస్ట్‌కి చూపించండి" అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్తే మా బావగారు "ఎర్రగడ్డ దాకా పోయిందా?" అని నవ్వారు. ఒళ్లు మండింది గానీ, లోపల నాకూ అదే భయం.

మొదట వెళ్లిన చోటు దండగ. పది సెషన్లకు డబ్బు ముందే కట్టించుకున్నారు. వాడి ఎదురుగానే "బాబు సమస్యలేంటో చెప్పండి" అన్నారు. మేం ఒక్కొక్కటీ చెప్తుంటే వాడు తలెత్తకుండా చెప్పు పట్టీ పీకుతూ కూర్చున్నాడు. మూడోసారి బండి దిగనన్నాడు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉంటుందని, ఆ నంబరు మనం అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మీరు మాత్రం ఫోన్‌లోనే అడగండి.

రెండోచోట మేడం మొదటి రోజు పిల్లాణ్ని తీసుకురావద్దన్నారు. గంటసేపు మమ్మల్నే అడిగారు: నిద్ర, తిండి, ఇంట్లో ఈమధ్య ఏం మారింది. డిసెంబర్‌లో మా నాన్న పోయారని యథాలాపంగా చెప్పాను. బాబు బడిలో ఉండగా పోయారు. సాయంత్రం వాణ్ని పక్కింట్లో ఉంచి, తాతయ్య ఊరెళ్లాడని చెప్పాం. రాస్తున్న మేడం పెన్ను ఆగింది. "వాడు బడికెళ్లొచ్చేసరికి ఇంట్లో ఒక మనిషి లేడన్నమాట" అన్నారు. నేనూ మా ఆవిడా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ ఆదివారం వాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏడుస్తాడనుకున్నాను. "మరి చెప్పులు ఇంకా బయటే ఎందుకున్నాయి?" అన్నాడు. నాన్న చెప్పులు గుమ్మం పక్కన అలాగే ఉన్నాయని నేను గమనించనే లేదు.

తర్వాత వారానికోసారి. ముప్పావుగంట వాడితో ఇసుక ట్రే, బొమ్మలు; చివరి పావుగంట మాతో. వాడేం చెప్పాడో మాకు చెప్పరు, ప్రమాదం ఉంటే తప్ప. దీని మీద నేనొకసారి గొడవపడ్డాను కూడా. సెషన్‌కి 1,500 కడుతున్నది నేను కదా! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అసలు కష్టమైంది మాకిచ్చిన హోంవర్క్. రోజూ పావుగంట వాడితో ఆడాలి. ఏం ఆడాలన్నది వాడిష్టం. నేర్పకూడదు, సరిదిద్దకూడదు, ప్రశ్నలు అడగకూడదు, ఫోన్ పక్కగదిలో పెట్టాలి. మొదటి రోజు మా ఆవిడ పక్కన కూర్చుని లెక్కపెట్టింది. పది నిమిషాల్లో నేను అడిగిన ప్రశ్నలు 23! "ఇదేం రంగు? ఇక్కడెందుకు పెట్టావ్? ఇలా పెడితే పడిపోదా?" ఇరవై మూడు నుంచి మూడుకి రావడానికి నాకు నెల పట్టింది.

బడికి మెల్లగా పంపాం. మొదటి వారం గేటు దాకా వెళ్లి రావడమే. తర్వాత లైబ్రరీలో అరగంట, ఆపైన రెండు పీరియడ్లు. క్లాస్ టీచర్ ఎంతో సహకరించారు. హాజరు గొడవ వేరే కథ, వదిలేయండి.

బాగోలేనివీ ఉన్నాయి. సాయంత్రం స్లాట్లు దొరకవు, నాకు సగం సెలవులు దీనికే పోయాయి. ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పరు. మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం ఉంది గానీ, మా పాలసీలో ఓపీ ఖర్చులే లేవు. అంతా జేబులోంచే.

ఫీజు కట్టలేని వాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఒక రాత్రి రెండింటికి మా ఆవిడ దానికి ఫోన్ చేసింది. బాబు గురించి కాదు, తన గురించే. నేను పక్కగదిలో మెలకువగానే ఉన్నాను, లేచి వెళ్లలేదు.

ఇప్పుడు నెలకొక సెషన్. ఈ జూన్ 12న బడులు తెరిచాక మళ్లీ రెండు రోజులు కడుపునొప్పి అన్నాడు. ఈసారి ఆసుపత్రికి పరిగెత్తలేదు. మూడో రోజు పొద్దున బూట్లు వేసుకుంటూ "సాయంత్రం గేటు దగ్గర నువ్వే ఉండాలి" అన్నాడు. మూడున్నరకల్లా వెళ్లి నిలబడ్డాను.