సమ్మె కాలంలో ఒక మిషనరీ అతిథిగృహం: గ్వాడెలూప్ బస గురించి

కరేబియన్ దీవి గ్వాడెలూప్‌లో, ల మూల్ పట్టణ శివార్లలో కతోలిక మఠకన్యలు నడిపే ఈ అతిథిగృహం ప్రధానంగా విదేశాల నుండి సేవకు వచ్చే క్రైస్తవ గురువులకు, మఠకన్యలకు, ఉపదేశులకు బస కల్పిస్తుంది. 2009 జనవరి 20న మొదలై మార్చి 4న ఒప్పందంతో ముగిసిన సార్వత్రిక సమ్మె కాలమంతా నేను ఇక్కడే ఉన్నాను కనుక, ఈ సమీక్ష మామూలు రోజుల సౌకర్యాల కంటే కొరత రోజులలో ఈ ఇల్లు నడిచిన తీరునే ఎక్కువగా చూస్తుంది. గదుల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు: చిన్నవి, శుభ్రమైనవి, వీధి వైపున్న వాటిలో నిద్ర పట్టదు.

భోజనం విషయంలో మాత్రం మెచ్చుకోక తప్పదు. గ్వాడెలూప్ ఫ్రాన్స్‌లో భాగమే అయినా అక్కడి సరుకులలో చాలావరకు ఓడల మీద రావలసిందే, వాటి ధరలు ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో కంటే బాగా ఎక్కువ. ఆ ధరల మీద, పెట్రోలు రేటు మీద పేరుకున్న అసంతృప్తినే కార్మిక నాయకుడు ఎలీ దొమోతా ముందుండి నడిపిన ఎల్‌కేపీ అనే కార్మిక, ప్రజాసంఘాల కూటమి సమ్మెగా మలిచింది. తక్కువ జీతాలవారికి నెలకు 200 యూరోల పెంపు వారి ముఖ్యమైన కోరిక. పెట్రోలు బంకులు, బడులు, పెద్ద దుకాణాలు మూతపడి, రోడ్లకు అడ్డుగా చెట్లు, టైర్లు పడిన తరువాత డబ్బా సరుకు మీద ఆధారపడిన బసలు ఇబ్బందిపడగా, ఈ మఠకన్యలు ముందునుంచీ చుట్టుపక్కల రైతుల వద్దనే కొనే అలవాటున్నవారు కావడంతో పెండలం, చిలగడదుంప, సీమపనస, కూర అరటి మా పళ్లెంలోకి వస్తూనే ఉన్నాయి. పాలు, గోధుమ రొట్టె మాత్రం అరుదు. ఆదివారం వండే ‘కొలంబో’ మేకమాంసంలో ధనియాలు, పసుపు, ఆవాలు, మెంతులు తెలిసిన రుచినే ఇస్తాయి. 1854 నుండి చెరకు తోటల పనికి వచ్చిన భారతీయ కూలీల వంట అది, వారిలో తమిళులు ఎక్కువైనా తెలుగువారూ ఉన్నారు. కారం చాలలేదని అడిగితే ఇచ్చే గుండ్రటి మిరపకాయ గుంటూరు మిరపను మరిపిస్తుంది కనుక మొదటిసారి తినేవారు పావు ముక్కతో ఆగడం మేలు.

వంటగదిలో పనిచేసే స్త్రీలలో కొందరు సమ్మెలో ఉన్నారు. మఠకన్యలు వారి జీతం కోయలేదు, వారి బదులు వేరేవారిని తెచ్చుకోలేదు; గిన్నెలు కడగడం అతిథుల వంతు చేశారు, దానికి సణిగిన వారిని చూసీ చూడనట్లు ఊరుకున్నారు. వ్యానులో మిగిలిన పెట్రోలును రోగుల కోసం దాచి, మాలో ఎవరు పూజకు వెళ్లాలన్నా నడిచే వెళ్లాలన్నారు. ఈస్టర్‌కు ముందరి ఉపవాసకాలం మొదలయ్యే విభూది బుధవారం నాటికి అది మాకు అలవాటైపోయింది.

అయితే ఈ ఇంటి లోపం కూడా ఈ సమ్మెతోనే బయటపడింది. భోజనాల బల్ల వద్ద సమ్మె మాట ఎత్తరాదన్నది ఇక్కడి నియమం. పరాయి దేశపు మిషనరీ పూజాపీఠం మీద నుండి ఒక పక్షం వహించకూడదన్న జాగ్రత్తను నేను ఒప్పుకుంటాను, కానీ ఆ జాగ్రత్తను భోజనశాలకు కూడా తెచ్చి పెట్టడం వల్ల ఇంట్లో ఉన్నవారికే ఊరి సంగతి తెలియకుండా పోయింది. ఫిబ్రవరి 17, 18 తేదీల మధ్య రాత్రి ప్వాంత్-ఆ-పీత్ర్ నగరంలో కార్మిక సంఘ సభ్యుడు జాక్ బినో తుపాకీ కాల్పులలో చనిపోయాడు. తరువాత జీతాల ఒప్పందానికి ఆయన పేరే పెట్టారు. ఆ మరణం తెలిసిన రోజున కూడా మా బల్ల వద్ద నియమం చెక్కుచెదరలేదు. ఆయన ఆత్మశాంతికి ఒక ప్రార్థన చెప్పుకోవడానికైనా దానిని సడలించి ఉండవలసింది.

భోజనంతో కలిపి అప్పట్లో రోజుకు తీసుకున్న 30 యూరోలను సమ్మె సాకుతో పెంచలేదు. నగదే తీసుకుంటారు. రసీదు అడిగితే తప్ప ఇవ్వరు కనుక, తమ మేత్రాసనానికి (బిషప్ కార్యాలయానికి) లెక్క చూపవలసినవారు బయలుదేరే ముందురోజే అడిగి తీసుకోవాలి.