సింగపూర్ లెన్సు తిరుపతి చేరేసరికి ఎంత పడుతుంది?

పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగే కాలం దగ్గరపడిందంటే తిరుపతి ఫోటోగ్రాఫర్ల మధ్య దూరంలోని పక్షిని దగ్గరగా చూపే 600 మిల్లీమీటర్ల లెన్సు మాట రాక మానదు. చెన్నైలో విమానమెక్కితే నాలుగు గంటల్లో సింగపూర్. 'అక్కడ చవకంట' అనే మాటా దాని వెనకే వస్తుంది. చవకే, కానీ అన్నీ కాదు.

కెమెరా షాపుల కోసం ఊరంతా తిరగక్కర్లేదు. సిటీ హాల్ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్లో దిగితే పెనిన్సులా ప్లాజా, పెనిన్సులా షాపింగ్ సెంటర్ దగ్గర దగ్గరే ఉంటాయి. కొత్తవి, సెకండ్ హ్యాండ్ రెండూ దొరుకుతాయి. ఒక షాపు ధర విని ఆగిపోకండి, మూడు చోట్ల అడగండి. కొన్ని షాపులు ఆదివారం తెరవవు. సిమ్ లిమ్ స్క్వేర్ అనే ఎలక్ట్రానిక్స్ మాల్‌కు పాత అప్రతిష్ట ఉంది. విదేశీ పర్యాటకుణ్ణి అక్కడి ఫోన్ షాపు ఒకటి మోసం చేసిన సంగతి 2014లో అంతర్జాతీయ వార్తయింది. అక్కడికెళ్తే డబ్బు కట్టకముందే బ్యాటరీ, ఛార్జర్, లెన్స్ హుడ్, ట్రైపాడ్ కాలర్ (లెన్సును ట్రైపాడ్‌కు బిగించే పట్టీ), వారంటీ అన్నీ ఆ ధరలోనే వస్తాయని బిల్లు మీద రాయించుకోవాలి. తక్కువ ధర చెప్పి, తర్వాత వీటిని విడివిడిగా అంటగట్టడం పాత ఎత్తే.

లెన్సు చూసేటప్పుడు మీ సొంత కెమెరా బాడీ వెంట ఉండాలి. సోనీ 200-600 మి.మీ. లెన్సు బరువు కాలర్ లేకుండానే 2,115 గ్రాములు, ముందు ఫిల్టర్ 95 మిల్లీమీటర్లు. దాన్ని బిగించి, 600 దగ్గర దూరంలోని బోర్డు మీద అక్షరాలను తీయండి. నాలుగు మూలలూ పెద్దది చేసి చూస్తే, ఒక మూల మిగతా మూడింటికంటే మసకగా ఉందంటే లోపలి గాజు పక్కకు జరిగిందన్నమాట. అది వద్దు. సెకండ్ హ్యాండ్ అయితే వెనక నుంచి ఫోన్ టార్చి వేసి సాలెగూడులాంటి ఫంగస్ గీతలు వెతకండి. బాడీ కొంటుంటే అపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్16కు తగ్గించి తెల్లగోడను తీస్తే సెన్సార్ మీద మచ్చలు తేలతాయి. పెట్టె, వారంటీ కార్డు, వస్తువు మూడింటి మీదా సీరియల్ నంబర్ ఒకటే కావాలి. వారంటీ కార్డు మీద సింగపూర్ వరకే అని ఉంటే రిపేరుకు చెన్నై సర్వీసు సెంటర్లో పూర్తి ఖర్చు మీదే.

ఇక జీఎస్టీ రీఫండు. సింగపూర్‌లో జీఎస్టీ 9 శాతం, అది బోర్డు మీది ధరలోనే కలిసి ఉంటుంది. కాబట్టి వెనక్కొచ్చేది 9 శాతం కాదు, ధరలో 109కి 9 భాగాలు. 2,180 సింగపూర్ డాలర్ల బిల్లులో 180 డాలర్లు పన్ను, అందులోంచి రీఫండు ఏజెన్సీ తన రుసుము పట్టుకుంటుంది. పర్యాటకులకు జీఎస్టీ తిరిగిచ్చే పథకంలో ఉన్న షాపులోనే కొనాలి, బిల్లు కనీసం 100 డాలర్లుండాలి, కొనేటప్పుడే అసలు పాస్‌పోర్టు చూపాలి. జిరాక్సు చెల్లదు. చాంగీ విమానాశ్రయంలో లెన్సును లగేజీలో వేస్తుంటే చెకిన్‌కు ముందే రీఫండు కియోస్క్ దగ్గరికి వెళ్ళాలి. ఇంత ఖరీదైన సరుకు ఎలాగూ చేతి సంచిలోనే మేలు, అప్పుడు ఇమిగ్రేషన్ దాటాక చేసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ సరుకుకు ఈ రీఫండు చాలా చోట్ల రాదు, ముందే అడగండి. కార్డు గీకేటప్పుడు మెషిన్ రూపాయల్లోనా డాలర్లలోనా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలంటే మారకం రేటులో వాళ్ళ లాభం కలుస్తుంది.

చాలామంది లెక్క తప్పేది చెన్నై విమానాశ్రయంలో. 2016 బ్యాగేజీ నియమాలు ఉన్నప్పుడు రూ. 50,000 దాటిన విలువ మీద సుంకం, సర్‌చార్జీతో కలిపి, 38.5 శాతం ఉండేది. రూ. 1,30,000 లెన్సుకు పైన ఉన్న 80,000 మీద రూ. 30,800 కట్టాల్సి వచ్చేది. 2026లో పరిమితి 75,000 అయింది, అదే రేటు అనుకుంటే 21,175. అదే లెన్సు మీద సింగపూర్ రీఫండు మహా అయితే పదివేల ఏడు వందలు! పరిమితి, రేటు ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కనుక టికెట్టు కొనే రోజే కస్టమ్స్ సైటులో చూడండి. ఇద్దరు ప్రయాణికుల పరిమితి కలిపి ఒకే వస్తువుకు వాడుకోవడం కుదరదు. పెట్టె పారేసి 'పాతదే' అనే ఉపాయం గురించి ఎవరు చెప్పినా వినొద్దు, సీరియల్ నంబర్ అబద్ధమాడదు. పరిమితి దాటితే, సుంకం కట్టేవాళ్ళ దారి అయిన రెడ్ చానెల్లోకి బిల్లుతో వెళ్ళడమే.

ఈ లెక్కన పెద్ద టెలీఫోటో, కొత్త బాడీ ఇక్కడ వారంటీతో కొనుక్కోవడమే నయం. పరిమితిలో పడే 50 మి.మీ. ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు, ఫిల్టర్లు, మెమరీ కార్డులు, మంచి స్థితిలో ఉన్న పాత లెన్సులు మాత్రం సింగపూర్‌లో వెతకొచ్చు. స్పేర్ బ్యాటరీలు చేతి సంచిలోనే రావాలి, టెర్మినళ్ళకు టేపు వేయండి. అక్కడి ఛార్జర్ ప్లగ్ చదరపు మూడు పిన్నులది, మన సాకెట్లో దూరదు.

వెళ్ళేటప్పుడు మీ పాత కెమెరా వెంట ఉంటే చెన్నైలోనే బయలుదేరే ముందు కస్టమ్స్ కౌంటర్లో సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు సొంత కెమెరాకే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.